మూడువందల పన్నెండు మంది సందానిలు

ఆ ఆదివారం పొద్దుటికి నా కంప్యూటర్ లెక్క ప్రకారం సందాని తాత దిబ్బ మీద నూట అరవై తొమ్మిది మంది ఉన్నారు. శుక్రవారం దాకా నాలుగువందల ఎనభై మంది ఉండేవాళ్లు. మధ్యలో మూడువందల పదకొండు మందిని నేనే మాయం చేశాను. అదీ అన్నం తింటూ, ఎడమచేత్తో.

ఎలాగో చెప్తాను. నా గొప్పలు కూడా కాసిని విని, ఆ తర్వాత తిట్టుకుందురుగాని.

మా ఊరి చివర పెన్న ఒడ్డున తుమ్మచెట్ల మధ్య ఒక దిబ్బ ఉంది. దిక్కులేని శవాలను పూడ్చే చోటు. రైలు కింద పడ్డవాళ్లు, బస్టాండులో పడుకుని లేవనివాళ్లు, ఏట్లో కొట్టుకొచ్చినవాళ్లు. పోలీస్ స్టేషన్ వాళ్లు జీపులో తెచ్చి దించితే, షేక్ సందాని అనే ముసలాయన వాళ్లను కడిగి, గుడ్డ చుట్టి, పూడ్చి, తలవైపు ఒక ఏటిరాయి పెట్టేవాడు. నలభై ఏళ్లుగా ఆయనకు అదే పని. వాళ్లది ఏ కులం, ఏ మతం అని ఎవరన్నా అడిగితే, "వాళ్లు నన్ను అడగలేదు, నేను వాళ్లని అడగలేదు" అనేవాడు.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే. ఆదివారాలు నేనూ ముగ్గురు స్నేహితులూ కలిసి సేవాసంఘాల వాళ్లకు ఉచితంగా ప్రోగ్రాములు రాసిపెట్టేవాళ్లం. రక్తదానం వాళ్లకొకటి, అన్నదానం వాళ్లకొకటి. పేపర్లో ఫొటో కూడా పడింది. ఆ ఊపులో ఒకరోజు తాత దగ్గరికి వెళ్లి, నన్ను శిష్యుడిగా పెట్టుకోమన్నాను.

"రేపు ఒకాయన వస్తన్నాడు. కడగడానికి రా" అన్నాడు తాత.

నేను వెళ్లలేదు. శవమంటే నాకు చచ్చేంత భయం. వారం ఆగి వెళ్లి, "నాకొచ్చిన పని నేను చేస్తాను తాతా. నీ పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. మనిషి తప్పిపోయిన వాళ్లు ఎక్కడున్నా ఫోన్లోనే వెతుక్కుంటారు" అన్నాను.

"మంచిదే అబ్బయా. ముందొకసారి కడగడానికి రా" అన్నాడు తాత.

"వీలు చూసుకుని వస్తాలే తాతా."

ఆరు నెలలైనా ఆ వీలు నాకు దొరకలేదు.

పుస్తకాలు అయిదు. అంచులు చెదలు తిన్నాయి. ఎవరు ఎప్పుడు ఎక్కడ దొరికారు, ఒంటి మీద ఏ గుర్తులున్నాయి, ఏ రాయి కింద ఉన్నారు, అన్నీ తాత తన చేత్తో రాసుకున్నాడు. నా స్నేహితులు నాలుగు ఆదివారాలు అక్కడే కూర్చుని వాటిని టైపు చేశారు. ఫోన్ పట్టుకుని ఒక్కో రాయి దగ్గరా నిలబడి, అది మ్యాపులో ఎక్కడుందో గుర్తు పెట్టారు. నేను ఇంట్లో కూర్చుని ప్రోగ్రాం రాశాను. పని అయ్యాక తాత ఆ పుస్తకాలను కూడా తెల్లగుడ్డలో చుట్టి దిబ్బ మీదే పూడ్చాడట. మనుషుల సంగతులున్న కాగితం చెత్తలో వెయ్యకూడదన్నాడట. ఆ మాట విని నవ్వుకున్నాను.

ఇక శుక్రవారం. అన్నం తింటూ, టైపు చేసినవాటిలో తప్పులు ఏరే పని పెట్టాను. ఒకే మనిషిని పొరపాటున రెండుసార్లు ఎక్కిస్తే ఆ రెంటినీ ఒకటి చేసే ఏర్పాటు అందులో ఉంటుంది. అది కాసేపు వెతికి, మూడువందల పన్నెండు వరుసల్లో ఒకే పేరు, ఒకే ఊరు ఉన్నాయి, అంతా ఒకే మనిషి, కలిపెయ్యాలా అని అడిగింది. కలిపెయ్యమన్నాను. అవతలి చేతిలో పప్పన్నం ముద్ద. ఆ పేరేమిటో కూడా చూడలేదు. వరుసలన్నీ గబగబా తగ్గిపోతుంటే ఇల్లు ఊడ్చినంత హాయిగా అనిపించింది. మర్నాడు, చోటు తినేస్తున్నాయని, టైపు చేసిన పాత ఫైళ్లన్నీ తీసేశాను. ఆ సాయంత్రమే నాకొక సభలో శాలువా కప్పారు.

ఆదివారం పొద్దున్నే, నేను దిబ్బ దగ్గరున్నప్పుడు, ఒకామె వచ్చింది. పేరు కావేరమ్మ. సముద్రం ఒడ్డున పట్టపుపాళెం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆరేళ్ల కిందట పెన్నకు వరదొచ్చినప్పుడు, మునిగిన వీధుల్లో జనాన్ని బయటికి తేవడానికి పాళెం నుంచి పడవలు వచ్చాయి. ఆమె తమ్ముడు నాగూరయ్య కూడా పడవేసుకొచ్చాడు. జనాన్ని నాలుగు విడతలు గట్టుకు చేర్చాడు. అయిదోసారి వెళ్లి మళ్లీ రాలేదు.

"వరద తీసినాక రెండు మూణ్నెల్లకి ముళ్లకంపల్లో దొరికినోళ్లు ఇక్కడున్నారంట గదా సార్. ఫోన్లో వెతికితే తెలస్తదని చెప్పినారు."

నేను దర్జాగా ల్యాప్‌టాప్ తెరిచాను. వరద సంవత్సరం కొట్టి, మగమనిషి అని పెట్టాను. ఎవరూ రాలేదు. సంవత్సరం తీసేసి వెతికాను. ఆమె చెప్పిన గుర్తులతో వెతికాను. ఆఖరికి ఏమీ పెట్టకుండా వెతికితే, పేరు తెలిసిన నూట అరవై ఎనిమిది మందీ వచ్చారు. వాళ్ల కింద ఇంకొక్క వరుస ఉంది.

సందాని. ఊరు: పెన్న ఒడ్డు. ముసలామె, ఆకుపచ్చ చీర. మరణించినవారు.

కిందికి జరిపాను. ఇంకేమీ లేదు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. తాత దిక్కులేని ప్రతి శవానికీ పేరు దగ్గర తన పేరే రాశాడు. ఊరి దగ్గర తన ఊరే రాశాడు. నా ప్రోగ్రాం వాళ్లందరినీ ఒక్క సందానిని చేసి, ఆఖరున ఎక్కిన ముసలామె గుర్తులు మాత్రం ఉంచి, మిగతావాళ్లని పారేసింది. బ్యాకప్ ఉంది. అదీ శుభ్రం చేసిన తర్వాత తీసుకున్నదే.

"ఉండాడా సార్?" అంది కావేరమ్మ.

నేను ఆ ఒక్క వరుసనే పైకీ కిందికీ జరుపుతూ ఉన్నాను.

"మా అమ్మ ఆరేళ్లుగా చేప ముట్టలేదు సార్. పట్టపోళ్ల ఇంట్లో ఉండి చేప తినకపోతే ఏం తిని బతకతది? ఏ చేప ఏం తిని పెరిగిందో అంటది. పిల్లోడు నీళ్లలో లేడు, మట్టిలో ఉండాడని ఒక్క మాట చెప్తే చాలు. ఆమె ఇంక ఎక్కువ రోజులు ఉండదు."

ఒక్క నిమిషం కూర్చోమని చెప్పి గడ్డపార తీసుకుని పరిగెత్తాను. తాత కనిపించలేదు, పుస్తకాలు పూడ్చిన చోటు దిబ్బ కాపలావాడిని అడిగి తవ్వాను. తెల్లగుడ్డ మడత చెదరకుండా అలాగే ఉంది. విప్పితే లోపల చెదలమన్ను. ఒక్క అక్షరం లేదు. పురుగులు కూడా లేవు, తినేసి వెళ్లిపోయాయి.

చెమట కళ్లలోకి కారుతుంటే ఫోన్ తీశాను. మ్యాపు మీద ఆ ఒక్క సందాని ఎక్కడున్నాడని చూపిస్తోందో చూద్దామనిపించింది. మూడువందల పన్నెండు చోట్లని కలిపేటప్పుడు ప్రోగ్రాం వాటన్నిటికీ నడిమి చోటు ఒకటి లెక్కగట్టి పెట్టుకుంది. చుక్క దిబ్బకి నట్టనడుమ పడింది. నాకు తెలిసి అక్కడ సమాధి లేదు, ఉత్త నేల. అయినా ఫోన్ చూసుకుంటూ నడిచాను. మిట్టమధ్యాహ్నం. నా నీడ నా కాళ్ల కిందికి వచ్చేసింది. తుమ్మచెట్లలో కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

చుక్క ఉన్న చోట కొత్తగా తవ్విన గుంట ఉంది. మన్ను ఇంకా తడిగా ఉంది. తాత గుంటలోకి కాళ్లు వేలాడేసి, ఆ ఎండలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"ఇదెవరికి తాతా?"

"నాకే."

తాత దుప్పటి సర్దుకున్నాడు. "శుక్రవారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోనుండా. ఉన్నట్టుండి ఒళ్లు తేలికైపోయింది. నేను ఇచ్చింది అందరూ ఒక్కసారే తెచ్చి నా ఒళ్లో పడేసి పోయినట్టయింది. ఇంక నాకిక్కడ పనేముందిలే అని తవ్వుకున్నా" అని, నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "శుక్రవారం మధ్యాహ్నం నువ్వేం చేసినావు అబ్బయా?"

చెప్పేశాను. దాచుకోలేక, ఏడుస్తూ చెప్పాను. మూడువందల పన్నెండు మందిని ఒక్కడిని చేశానని చెప్పాను. కావేరమ్మ వచ్చిందనీ, వాళ్లమ్మ సంగతీ చెప్పాను.

"అయినా వాళ్లందరికీ నీ పేరెందుకు పెట్టావు తాతా?"

"పేరు లేకుండా మట్టిలోకి ఎట్టా పంపేది? సొంత పేరు వచ్చేదాకా వాడుకోమని ఇచ్చినా. కడిగేటప్పుడు చెప్తా ఆ మాట. నువ్వు వచ్చింటే వినుండేవాడివి."

ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెయ్యి అందించమని లేచాడు. పట్టుకుంటే ఆ చెయ్యిలో బరువే లేదు. నిజంగానే ఏమీ లేదు.

"ఆ తల్లిని పిలువు. చెంబుతో నీళ్లు పట్టుకో. నీ ఫోన్ కూడా తెచ్చుకో. రాయి ముందు కూర్చుంటేనే నాకు గుర్తొస్తది, మొదటి నుంచి పోదాం" అన్నాడు.

మొదటి రాయి దగ్గర తాత దోసెడు నీళ్లు పోసి, వంగి మన్ను మీద చెయ్యి ఆనించాడు. "నీ పేరేంది నాయనా?" అన్నాడు.

కీచురాళ్లు ఆగిపోయాయి.

తాత ఆగాడు. ఎదురుగా మనిషి ఉండి ఆలోచించుకుంటున్నప్పుడు ఎంతసేపు ఆగుతామో అంతసేపు ఆగాడు. తర్వాత, "సరే, ఇంకా నాదే ఉంచుకో" అని నా వైపు చూశాడు. "రాసుకో. బస్టాండులో దొరికినాడు. గళ్ల లుంగీ. ముందుపన్ను ఒకటి లేదు. రొమ్ము మీద కాలిన మచ్చ. వానలు మొదలైన వారం." కీచురాళ్లు మళ్లీ అందుకున్నాయి.

ఫోన్లో రాసుకున్నాను. రెండో రాయి. నీళ్లు, ప్రశ్న, ఆగడం. మూడో రాయి. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. ఏడో రాయి దగ్గర నేనుండబట్టలేక, "తాతా, ఇంకా మూడొందలున్నాయి. ఆమె పొద్దుటి నుంచి కూర్చుని ఉంది. వాళ్లెటూ చెప్పరు కదా. అడగడం మానేసి గుర్తులు చెప్పు, గబగబా ఎక్కించేస్తాను" అన్నాను.

తాత వెనక్కి నడిచి మళ్లీ మొదటి రాయి దగ్గర కూర్చున్నాడు. "నీ పేరేంది నాయనా?"

రెండోసారి పంతొమ్మిదో రాయి దాకా వచ్చాం. ఆయన ఆగి ఉన్నప్పుడు నేను ఫోన్లో టైము చూశాను. అంతే, ఒక్క చూపు. తాత లేచి వెనక్కి నడిచాడు. కావేరమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

మూడోసారి నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆయన అడిగినప్పుడు నేనూ వంగి మన్ను మీద చెయ్యి పెట్టాను. పైన మన్ను పెనంలా కాలుతోంది. ఆగిన కొద్దీ అరచేతి కింద మాత్రం చల్లబడుతూ వచ్చింది. లోపల ఎవరో చెప్పబోయి, నేను విన్నది చాలదని మానుకున్నట్టు అనిపించింది. అలా ఎందుకనిపించిందో నన్ను అడక్కండి. లేచాకే రాసుకున్నాను.

ఆ రోజు ముప్పై రెండు మంది అయ్యారు. పొద్దు వాలగానే తాత ఆపేశాడు. కావేరమ్మ ఊరికి పోలేదు, ఊళ్లో చుట్టాలింట్లో పడుకుని పొద్దున్నే వచ్చింది. నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. రెండోరోజుకి తాత దుప్పటి తీసేశాడు. మూడోరోజు పొద్దున చెయ్యి అందించి లేపుతుంటే ఆయన బరువు నా భుజానికి తెలిసింది. రాసుకున్న వరుస ఒక్కొక్కటే పెరుగుతోంది, ఈయన చెయ్యి అంత చొప్పున బరువెక్కుతోంది. సంతోషించాలో భయపడాలో నాకు తెలియలేదు.

మూడోరోజు మధ్యాహ్నం, ఏటివైపు చివర వరసలో, నూట నలభై ఎన్నో రాయి.

"నీ పేరేంది నాయనా?"

కీచురాళ్లు ఆగాయి. తాత ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగాడు.

"ముళ్లకంపల్లో దొరికినాడు. వరద తీసినాక చానా రోజులకి. మొహం లేదు" అన్నాడు. కావేరమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎడమచెయ్యి చిటికెనవేలు సగమే. అది పాత దెబ్బ. మొలతాడుకి వల కుట్టే వెదురుసూది కట్టుకోనుండె. తీయలేదు నేను. దాంతోనే పూడ్చినా."

కావేరమ్మ నిలబడ్డచోటే కూలబడింది. తర్వాత మన్ను మీద రెండు చేతులూ పెట్టి, "నాగూరూ" అని పిలిచింది. గట్టిగా కాదు. అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

తాత మిగిలిన నీళ్లన్నీ ఆ మన్ను మీద పోశాడు. "విన్నావు గదా నాయనా. నా పేరు ఇంక నాకిచ్చెయ్" అన్నాడు.

అంతవరకూ ఆకు కదలని చోట ఏటివైపు నుంచి గాలి వచ్చింది. ఒకే ఒక్కసారి. తాత ఆ గాలికి కొంచెం తూలి, నా భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

నేను ఫోన్ తీసి, పేరు దగ్గర నాగూరయ్య అని రాశాను. ఊరి దగ్గర పట్టపుపాళెం అని రాశాను. కావేరమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. పిడికెడు మన్ను కొంగున కట్టుకుంది. ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగింది.

"ఇంకా చానా టైముందమ్మా. కాసేపు కూర్చో" అన్నాను.

"లేదు సార్. దోవలో పచ్చి మావిడికాయలు తీసుకోవాల. ఈ పూట అమ్మకి చేపల పులుసు పెట్టాల" అంది.

మిగతావాళ్లు పూర్తవడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఒక్కసారి కూడా మళ్లీ మొదటికి వెళ్లలేదు. ఆఖరి రాయి ఆకుపచ్చ చీర ముసలామెది. ఆమె సంగతి నా దగ్గర ముందే ఉన్నా తాత ఆమెనూ అడిగాడు, ఆగాడు. అప్పుడు నడిమిగుంట దగ్గరికి వచ్చి పార నా చేతికిచ్చాడు.

"పూడ్చెయ్ అబ్బయా. నా పేరు ఇంకా మూడొందల పదకొండు మంది దగ్గరుంది."

పూడ్చేశాను.

తర్వాతి బుధవారం స్టేషన్ జీపు వచ్చింది. తాత ఫోన్ చేసి, "ఒకాయన వచ్చినాడు" అని పెట్టేశాడు. ఈసారి రమ్మని అనలేదు. నేను వెళ్లాను.

నా వయసువాడే. రైలు పట్టాల పక్కన దొరికాడట. జేబులో ఏమీ లేదు. భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. కాళ్లు కడిగాను, చేతులు కడిగాను. మొహం దగ్గరికి వచ్చేసరికి తాత పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

"నీ పేరేంది అన్నా?" అన్నాను.

ఆగాను. కుడి కనుబొమ్మ మీద చిన్న కోత. చెవి తమ్మెకి కుట్టిన గుర్తు. గడ్డం కింద ఒకచోట షేవింగ్ సరిగ్గా పడలేదు, తొందరగా ఎక్కడికో బయలుదేరి ఉంటాడు. కీచురాళ్లు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు.

"నాది చానామంది దగ్గరుంది" అన్నాడు తాత వెనక నుంచి. "ఈయనకి నీది ఇస్తావా?"

ఆయన చెవి దగ్గరికి వంగాను. "నీది వచ్చేదాకా నాది వాడుకో" అన్నాను. పూడ్చి, రాయి పెట్టి, పేరు దగ్గర మాల్యాద్రి అని రాశాను.

ఆ సాయంత్రం ఆఫీసు వాళ్ల మీటింగు ఫోన్లోనే జరిగింది. మా మేనేజరు వరసగా పేర్లు పిలుస్తున్నాడు. నా వంతు వచ్చింది.

"మాల్యాద్రీ, ఉన్నావా?"

నేను వెంటనే పలకలేదు. ముందు ఆయన పలుకుతాడేమోనని కాసేపు ఆగాను.